బాటసారుల మజిలీ.. అద్దాల మేడల నీడలో!
- షేక్‌పేట సరాయి, తారామతి బారాదరి: ఒకదానికి పునర్జన్మ, మరొకదానికి నిరీక్షణ
- గోల్కొండ కాలంలో నీటి ఒడ్డున వెలసిన విడిది కట్టడాలు

షేక్‌పేట: టోలిచౌకి దాటి గచ్చిబౌలి వైపు సాగే పాత ముంబయి రహదారిపై నిత్యం వేలాది వాహనాలు పరుగులు తీస్తుంటాయి. 2022 జనవరి 1న ప్రారంభమైన 2.8 కిలోమీటర్ల ఆరు వరుసల పైవంతెన ఎక్కితే నిమిషాల్లో రాయదుర్గం చేరుకోవచ్చు. ఆ తొందరలో వంతెన పక్కన ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. చూడగలిగితే, బహుళ అంతస్తుల భవనాల నడుమ నల్లబడిన రాతి కమానుల వరుస ఒకటి కనిపిస్తుంది. అదే షేక్‌పేట సరాయి. ఐటీ ఉద్యోగుల కోసం నక్షత్రాల హోటళ్లు వెలసిన ఈ దారిలో వాటన్నింటికీ దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే పుట్టిన బస అది.

అక్కడి నుంచి దక్షిణంగా గోల్కొండ కోటను చుట్టి లంగర్‌హౌజ్‌ మీదుగా గండిపేట దారి పడితే ఇబ్రహీంబాగ్‌లో మూసీ ఒడ్డున మరో కట్టడం ఎదురవుతుంది. పన్నెండు కమానుల ఆ మండపమే తారామతి బారాదరి. ఇదీ ఒకప్పుడు బాటసారులు సేదదీరిన సరాయేనని స్థానిక కథనం. ఈ రెండు కట్టడాలూ గోల్కొండ ప్రభువుల కాలానివే. రెండూ రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలే. రెండింటి సమీపంలోనూ నీరు పారేది. అయితే ఒకటి పర్యాటకుల విడిదిగా మళ్లీ దీపాలు వెలిగించుకోగా, రెండోది గోడలపై మొలిచిన రావి మొక్కలతో కాలక్షేపం చేసింది.

సరాయి అంటే..

సరాయి పారశీక పదం. భవనం, ప్రాసాదం అని అర్థం. బిడారులు దిగే సరాయి కనుక దానిని కారవాన్‌ సరాయి అన్నారు. హైదరాబాద్‌లోని కార్వాన్‌ పేటకు ఆ పేరు వచ్చింది కూడా ఈ బిడారుల వల్లనే. తెలుగువారు నోరారా పలికే మజిలీ అనే మాటకు మూలం అరబ్బీలోని మంజిల్‌. రోజు ప్రయాణం ముగించి దిగే చోటు అది.

బాటసారికి నీడనివ్వడం తెలుగునాట గోల్కొండ సుల్తానులతోనే మొదలైందనుకుంటే పొరపాటు. కాకతీయుల ఓరుగల్లులో పూటకూళ్ల ఇళ్లు ఉండేవని, ఒక్క రూకకే కమ్మని భోజనం పెట్టేవారని క్రీడాభిరామం చెబుతుంది. ఊరూరా చావళ్లు, సత్రాలు, వేసవిలో చలివేంద్రాలు ఉండేవి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్‌ మీదుగా వెళ్లారు. దారిలో ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి అనే వివరాలను ఓపికగా రాసి ఉంచారు. ఆ కాలపు ప్రయాణికుడికి చూడదగిన స్థలాల కన్నా ఈ సమాచారమే ప్రాణం.

సత్రానికీ సరాయికీ ఒక తేడా ఉంది. సత్రం ప్రధానంగా మనిషి కోసం. సరాయి మనిషితో పాటు అతని సరకు కోసం, దానిని మోసుకొచ్చిన పశువు కోసం. అందుకే దాని కట్టుబడి వేరు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ గదులు, రాత్రి మూసేందుకు వీలుగా పెద్ద ద్వారం, పశువుల కొట్టాలు, ప్రార్థనకు మసీదు, తాగడానికి నీరు. దొంగల భయం ఉన్న రోజుల్లో సరకు మూటలు ముంగిట్లో దించి, ద్వారం మూసుకుంటే వర్తకుడికి కంటి నిండా నిద్ర పట్టేది.

కోట తలుపు తెరిచేదాకా..

ఇంతకీ రాజధాని కూతవేటు దూరంలో ఉండగా షేక్‌పేటలో బస ఎందుకన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం ఆనాటి ప్రయాణికుల రాతల్లోనే దొరుకుతుంది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దం మధ్యలో పలుమార్లు గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. కొత్తవాడు ద్వారం వద్దకు రాగానే భటులు అతని సామాను వెతికేవారని, ఉప్పు, పొగాకు ఏమైనా తెస్తున్నాడా అని ప్రత్యేకంగా చూసేవారని అతడు రాశాడు. ఆ రెండింటి మీద వచ్చే పన్నులే సుల్తానుకు ముఖ్య ఆదాయం. భటుడు తన పైఅధికారికి, అతడు దరోగాకు కబురు చేసి, అనుమతి వచ్చేసరికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పట్టేదట.

నేడు మాదాపూర్‌లో ఏ కార్యాలయానికి వెళ్లినా ద్వారం వద్ద పేరు రాయించుకుని, బ్యాగు చూపించి, మెడలో పట్టీ వేసుకుని, లోపలి నుంచి ఎవరో పిలిచేదాకా కూర్చోవాలి. గోల్కొండ వాకిట కూర్చున్న వర్తకుడి అవస్థ దీనికి పెద్దన్న. కాకపోతే అతని వెంట గుర్రాలు, ఒంటెలు, నెలల తరబడి మోసుకొచ్చిన సరకు ఉండేవి. అన్నింటితో రెండు రోజులు ఆరుబయట పడిగాపులు కాయలేడు. దానికి తోడు చీకటి పడితే కోట ద్వారాలు మూసేవారు. పొద్దుగూకాక చేరిన బిడారుకు గోడ బయటే తెల్లవారాలి. కోటకు వచ్చే దారుల్లో సరాయిలు వెలిసింది ఈ అవసరం వల్లనే.

రాజధానికి వచ్చే ఇతర దారుల్లోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. మచిలీపట్నం రేవు వైపు వెళ్లే దారిలో హయత్‌నగర్‌ ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్‌బక్షీ బేగం పేరిట వెలసిన ఆ ఊళ్లో మసీదు ప్రాంగణం చుట్టూ బాటసారుల గదులు బారులు తీరి ఉంటాయి. పక్కనే హాథీ బావిగా పేరొందిన పెద్ద బావి ఉంది. పురానాపూల్‌ దగ్గర మియా మిష్క్‌ మసీదుకు కూడా సరాయి, స్నానశాల ఉండేవి. 1578లో కట్టిన ఆ వంతెన దాటి కార్వాన్‌ మీదుగా గోల్కొండకు వెళ్లే దారి ఆనాటి వజ్రాల బజారు. గుంటూరు సీమలోని కొల్లూరు గనుల నుంచి వచ్చిన రాళ్లు అక్కడే సానపట్టి చేతులు మారేవి. నగరంలోని కొన్ని మసీదులే కొత్తవారికి సరాయిలుగా పనికొచ్చేవని తవెర్నియే రాతల్లో ఉంది.

ముప్పై గదులు.. మూగ గోడలు

షేక్‌పేట సరాయి 17వ శతాబ్దం తొలి సగం నాటిదని, అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672) ఏలుబడిలో నిర్మాణమైందని చెబుతారు. కోటకు వాయవ్యంగా, బీదర్‌ దిశగా సాగే పాత బాట మీద ఉంది. రెండంతస్తుల కట్టడం. చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 30 గదులు. గుర్రాలకు, ఒంటెలకు వేర్వేరు కొట్టాలు. చెంతనే మసీదు, సమాధి.

గదిలోకి అడుగుపెడితే మొదట తెలిసేది చల్లదనం. మే నెలలో రోడ్డుపై నిప్పులు చెరుగుతున్న వేళ కూడా లోపల గాలి ఊరటనిస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు. గోడల మందమే కారణం. పగలంతా ఎండ కాసినా ఆ వేడి రాతి గోడను దాటి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి బయట గాలి చల్లబడి, గోడ తన వేడిని తిరిగి బయటికే వదిలేస్తుంది. కమాను పైకప్పు ఎత్తుగా ఉండటంతో వేడిగాలి పైకి చేరి, కింద కూర్చున్నవారికి సెగ తగలదు. పక్కనే ఉన్న అద్దాల భవంతులు ఇదే పనిని రాత్రింబవళ్లు తిరిగే ఏసీ యంత్రాలతో సాధిస్తున్నాయి.

గోడలను నిలబెట్టింది డంగు సున్నం. నానబెట్టిన సున్నానికి ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరి, బెల్లం, కరక్కాయ రసం వంటివి చేర్చి తయారుచేసేవారు. సిమెంటు గంటల్లో గట్టిపడితే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి రాయిగా మారుతుంది. చిన్న పగుళ్లను తనంతట తానే కొంత పూడ్చుకునే గుణం కూడా దానికి ఉంది. అందుకే పాత కట్టడాలకు సిమెంటు పూత పూయవద్దని నిపుణులు మొత్తుకుంటారు. సున్నపు గోడలో చేరిన తేమ బయటికి పోవాలి. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తే, తేమ లోపలే ఉండి రాతిని, సున్నాన్ని తినేస్తుంది. మంచి చేయబోయి చెడు చేసిన మరమ్మతులకు పాతబస్తీలో లెక్కలేదు.

ఇక మొక్కల సంగతి. కాకి రెట్టలో పడిన రావి విత్తు గోడ నెర్రెలో మొలుస్తుంది. తొలి ఏడాది చేత్తో పీకేయవచ్చు. అయిదేళ్లకు వేరు గోడ లోపలికి దిగి రాళ్లను విడదీస్తుంది. పదేళ్లకు దానిని తీస్తే గోడ కూలుతుంది, ఉంచినా కూలుతుంది. పెద్ద పథకాలు, కోట్ల నిధులు వచ్చేలోగా ఏడాదికోసారి నిచ్చెన వేసి ఈ మొక్కలు పీకించినా సరాయికి ఎంతో మేలు జరిగేది. షేక్‌పేట గోడలు చూసినవారికి ఆ పని క్రమం తప్పకుండా జరగలేదని ఇట్టే అర్థమవుతుంది.

నీళ్ల దారి ఏమైంది?

సరాయికి గది ఎంత ముఖ్యమో నీరు అంతకన్నా ముఖ్యం. బిడారులోని పశువులకే రోజుకు వందల బిందెలు కావాలి. షేక్‌పేట ప్రాంతానికి ఆ కొరత లేదు. శంకర్‌పల్లి వైపు ఎగువ నీటిని హుస్సేన్‌సాగర్‌కు చేర్చేందుకు గోల్కొండ ప్రభువుల కాలంలో తవ్వించిన బుల్కాపూర్‌ కాలువ ఈ చుట్టుపక్కల నుంచే పోతుంది. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, టోలిచౌకి.. ఇదీ దాని దారి. దారి పొడవునా చెరువులను నింపుకుంటూ, పొలాలను తడుపుకుంటూ పారిన మంచినీటి కాలువ అది. ఇవాళ ఆ ఊళ్ల పేర్లు చెబితే ఎకరా ధర ఎంతో గుర్తొస్తుంది గానీ కాలువ గుర్తుకు రాదు.

కాలువ కాస్తా నాలా అయింది. నాలా అనే మాటకు నగరంలో మురుగు అనే అర్థమే మిగిలింది. ఇళ్లు లేచాయి, గట్లు కరిగాయి, కొన్నిచోట్ల కాలువ ఉన్న ఆనవాలే లేకుండా పోయింది. అయితే నీటికి జ్ఞాపకశక్తి ఎక్కువ. 2020 అక్టోబరు రెండో వారంలో కుంభవృష్టి కురిసినప్పుడు టోలిచౌకిలోని నదీంకాలనీ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నానాయి. జనం పడవల్లో బయటికి వచ్చారు. పాత నీటి దారులు ఎక్కడున్నాయో పటాల్లో వెతకనక్కర్లేకుండా వరదే చూపించింది.

ఇదే సీమలో మరో నీటి కథ దుర్గం చెరువు. గుట్టల నడుమ దాగి ఉండటంతో దానికి రహస్య చెరువు అని పేరు. గోల్కొండ కోటకు తాగునీరు అందించిన చెరువుల్లో అదొకటని చెబుతారు. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన ప్రారంభమయ్యాక రహస్యం కాస్తా సెల్ఫీల కేంద్రమైంది. దాని గట్టున నిలబడి చూస్తే, 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఇదంతా రాళ్లగుట్టల నేల అంటే కొత్త తరం నమ్మదు.

పాట విన్న రేడు

షేక్‌పేటది వ్యాపారపు కథ అయితే ఇబ్రహీంబాగ్‌ది పాట కథ. ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) పేరిట వెలసిన తోట అది. తోటలోని ఎత్తయిన వేదికపై, మెట్లెక్కి చేరుకునే బారాదరి ఉంది. బారా అంటే పన్నెండు, దర్‌ అంటే ద్వారం. ఏ దిక్కు నుంచి గాలి వీచినా మండపంలోకి రావాల్సిందే, మరో దిక్కు నుంచి పోవాల్సిందే. గోడలు వేడిని ఆపే పద్ధతి షేక్‌పేటది. గాలిని పిలిచి చల్లబరిచే పద్ధతి దీనిది. నది మీదుగా వచ్చే గాలి తడి ఆరకముందే మండపాన్ని తాకేలా చోటు ఎంచుకున్న నిర్మాతల తెలివికి చేయెత్తి మొక్కాలి.

ఇక్కడ బస చేసిన బాటసారుల కోసం తారామతి అనే గాయని పాడేదని, ఆ గానం గాలిలో తేలి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలోని కోటలో ఉన్న అబ్దుల్లా కుతుబ్‌షా చెవిన పడేదని, అలా ఆయన మనసు గెలుచుకుందని కథ. దీనికి రాతపూర్వక ఆధారం లేదు. తారామతి, ప్రేమామతి అనే ఇద్దరు నర్తకీమణులు ఇక్కడి నుంచి కోట దాకా కట్టిన తాళ్లపై నాట్యమాడుతూ వెళ్లేవారని మరో కథ. రెండో దానిని వినోదానికే విడిచిపెట్టవచ్చు. మొదటి దానిని మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

పగటివేళ నేల వేడెక్కి, దానిని ఆనుకున్న గాలి పైగాలి కన్నా వేడిగా ఉంటుంది. శబ్దం వేడిగాలిలో వేగంగా పోతుంది కనుక ధ్వని తరంగాలు పైకి వంగి ఆకాశంలో కలిసిపోతాయి. రాత్రయితే పరిస్థితి తిరగబడుతుంది. నేల మీద, ముఖ్యంగా నీటి పరిసరాల్లో, గాలి చల్లబడి పైపొర వెచ్చగా ఉంటుంది. అప్పుడు ధ్వని కిందికి వంగి నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వినబడుతుంది. పల్లెల్లో రాత్రివేళ పక్క ఊరి భజన స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. మోటార్లు, హారన్లు లేని కాలంలో, నది లోయ మీదుగా ఒక కంచుకంఠం కోటగుట్ట దాకా చేరిందంటే అసంభవమని చెప్పలేం. పాటలోని మాటలు తెలిశాయా అంటే అనుమానమే. పైగా శబ్దంతో ఆడుకోవడం గోల్కొండ నిర్మాతలకు కొత్త కాదు. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే గుట్ట మీది బాలాహిస్సార్‌లో వినిపించడం ఇప్పటికీ కోటకు వచ్చినవారందరూ సరదాగా పరీక్షించేదే.

కథ మాట ఎలా ఉన్నా ఆ పేర్లు కలిగిన వనితలు ఉన్నారనడానికి కట్టడాలే సాక్ష్యం. కోటలో తారామతి మసీదు, ఇబ్రహీంబాగ్‌ పరిసరాల్లో ప్రేమామతి మసీదు ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధుల తోటలో, రాజవంశీకుల సరసన ఇద్దరి సమాధులూ ఉన్నాయి. పాడేవారిని, ఆడేవారిని రాజుల మధ్య పడుకోబెట్టిన రాజ్యం అది. కూచిపూడి భాగవతుల ఆటకు మెచ్చి ఆఖరి సుల్తాను అబుల్‌హసన్‌ తానాషా ఆ ఊరినే రాసిచ్చాడన్న ప్రసిద్ధ కథనాన్ని కూడా దీని పక్కన పెట్టి చూడాలి.

1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రాజధాని హోదా పోయాక కోటకు వచ్చే బిడారులు తగ్గిపోయాయి. వర్తకులే లేనప్పుడు సరాయిలో ఎవరుంటారు? ఆ తర్వాత రైళ్లు వచ్చి ప్రయాణ పద్ధతినే మార్చేశాయి. నిజాం కాలంలో 1919లో నాంపల్లి రైల్వేస్టేషన్‌ దగ్గర కొత్త సరాయి కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన గుర్తుగా దానిని సుల్హ్‌ సరాయి, అంటే శాంతి సరాయి అన్నారు. ఒంటెల కొట్టాలు లేని సరాయి అది. కాలం మారిందనడానికి ఆ ఒక్క గుర్తు చాలు.

తోటలో మళ్లీ దీపాలు

చాలాకాలం మరుగున పడిన తారామతి బారాదరి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ పర్యాటక శాఖ చొరవతో 2000 దశకంలో కొత్త రూపు దాల్చింది. మండపాన్ని బాగుచేసి, దాని దిగువన సుమారు 1,600 మంది కూర్చునే బహిరంగ రంగస్థలం, 500 మంది పట్టే మందిరం, విందుశాల, అతిథి గదులు, భోజనశాల కట్టారు. సంగీత, నృత్యోత్సవాలకు వేదికైంది. దీపాల వెలుగులో బంగారు రంగుకు తిరిగిన మండపాన్ని నేపథ్యంగా పెట్టుకుని కూచిపూడి నర్తకి అడుగు కదిపితే చూపరులు మైమరచిపోయారు. బాటసారుల సరాయి అన్న పేరు అక్షరాలా మళ్లీ నిజమైంది. ఐటీ కొలువుల వారు శని, ఆదివారాల్లో విశ్రాంతికి, ఇతర ఊళ్ల వారు కోట చూసేందుకు వచ్చి అక్కడ దిగారు.

ఇందులోనూ ఒక చిక్కు లేకపోలేదు. విడిది నడవాలంటే రాబడి కావాలి. రాబడికి పెళ్లిళ్లు, విందులు కావాలి. అవి పెరిగితే పాట విన్న మండపానికి డీజే చప్పుళ్లు వినవలసి వస్తుంది. రక్షిత కట్టడం పక్కన కాంక్రీటు ఎంతవరకు తగుననే ప్రశ్న కూడా ఉంది. అయినా తాళం వేసి పాడుబెట్టిన కట్టడం కన్నా పదిమంది మసలే కట్టడమే పదికాలాలు నిలుస్తుందన్నది షేక్‌పేటను, ఇబ్రహీంబాగ్‌ను పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా ఒప్పుకోవలసిన మాట.

గండిపేట గట్టున ఉన్న సాగర్‌మహల్‌ది మరో ముచ్చట. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరంలో వేలాది మందిని బలిగొన్న తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను పైనే ఆపేందుకు రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌ అలలకు ఎదురుగా నిజాం వేసవి విడిదిగా ఉన్న సాగర్‌మహల్‌ తర్వాతి కాలంలో పర్యాటకుల విడిదిగా మారింది.

నది బాగుంటేనే..

అయితే నీటి ఒడ్డున విడిదికి అందం నీటి వల్లనే వస్తుంది. జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చిలో ప్రభుత్వం 111 జీవో ఇచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, భారీ నివాస కాలనీలు వద్దంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు తొలగిస్తున్నట్లు ప్రకటించింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోందన్నది అందుకు చెప్పిన కారణం. రైతుకు తన భూమికి ధర రావాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఎగువన కాంక్రీటు పరుచుకుంటే దిగువన ఇబ్రహీంబాగ్‌ తోటకు ఒక రుతువులో మురుగు, మరో రుతువులో వరద తప్పవు. ఉస్మాన్‌సాగర్‌ గేట్లు ఎత్తిన రోజుల్లో నార్సింగి, మంచిరేవుల మధ్య నీరు పొంగి రాకపోకలు నిలిచిపోవడం ఈ ప్రాంత ప్రజలకు తెలిసిందే. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగినప్పుడు దిగువన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ఈసీ, మూసీ కలిసే లంగర్‌హౌజ్‌ బాపూఘాట్‌ వద్ద నదిని బాగుచేసే పథకాలు ప్రకటించారు. అవి సాగితే తారామతి మండపానికి దక్కే గాలి కూడా మారుతుంది.

షేక్‌పేట సరాయి పునరుద్ధరణ మాట కూడా చాలాసార్లు వినిపించింది. అది సాధ్యమేనని చెప్పేందుకు దూరం వెళ్లనక్కర్లేదు. సరాయికి కూతవేటులోనే కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం ఉంది. 106 ఎకరాల ఆ తోటలో ఆగాఖాన్‌ సాంస్కృతిక ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా పనిచేసి 2024 జులైలో పూర్తి చేసింది. సిమెంటు పూతలను తొలగించి, సున్నం నూరి, కూలిన బావడి గోడలను మళ్లీ పైకి లేపారు. ఆ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్‌ పురస్కారం లభించింది. ఆ పనిలో చేయి తిరిగిన రాతి పనివారు, సున్నం మేస్త్రీలు ఈ గడ్డ మీదే ఉన్నారు. ముప్పై గదుల సరాయి వారికి పెద్ద పని కాదు. గదుల్లో బస ఏర్పాటు చేస్తారా, చేతివృత్తుల అంగళ్లు పెడతారా, పుస్తకశాల నడుపుతారా అన్నది తర్వాతి మాట. ముందు హద్దులు తేల్చి కంచె వేయాలి, గోడల మీది చెట్లు తీయాలి, కమానుల మీద వాన నీరు నిలవకుండా చూడాలి.

ఇలా వెళ్లవచ్చు

షేక్‌పేట సరాయికి మెహిదీపట్నం నుంచి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలి వెళ్లే పాత ముంబయి రహదారిలో రావాలి. పైవంతెన ఎక్కకుండా కింది దారిలోనే సాగాలి. తారామతి బారాదరికి మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్‌ మీదుగా గండిపేట వైపు వెళ్లాలి. ఐటీ కారిడార్‌ నుంచి వచ్చేవారు నార్సింగి మీదుగా తిరగవచ్చు. రెండింటినీ ఒకే రోజు చూడదలచినవారు ఉదయం ఎండ ముదరకముందు సరాయిని, నడుమ కుతుబ్‌షాహీ సమాధులను, గోల్కొండ కోటను చూసుకుని, పొద్దువాలాక బారాదరికి చేరడం మేలు. ఆ వేళ పడమటి కమానుల్లోంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడుతుంది. తూర్పున కోటగుట్ట ఎర్రబడుతుంది. సరాయి గదుల్లో కొన్నిచోట్ల పైకప్పు బలహీనంగా ఉంది కనుక పిల్లలను పై అంతస్తు ఎక్కనివ్వకపోవడం మంచిది.